కొత్తోళ్ల రేటు

మొన్న ఆదివారం మా మేనకోడలి నుంచి ఒక పొడవాటి మెసేజ్ వచ్చింది. దానికి ఈమధ్యే టీచరుద్యోగం వచ్చింది. పన్నెండేళ్ల కిందట ప్రమోషన్ మీద నన్ను ఏ సముద్రపు ఒడ్డు పల్లెకి వేశారో, తిప్పి తిప్పి దాన్నీ ఆ ఊరికే వేశారు. "అత్తా, ఇక్కడ బతకడానికి నెలకి ఎంతవుతుంది?" అని మొదలుపెట్టి, గదికి రెండున్నర వేలు అడుగుతున్నారు న్యాయమేనా, మంచినీళ్ల టిన్నుకి ఎంతివ్వాలి, ఆమదాలవలస స్టేషన్లో దిగితే ఆటోవాడికి ఎంతకి మించి ఇవ్వకూడదు, గ్యాస్ బండ మోసుకొచ్చేవాడికి పైన ఏమైనా ఇవ్వాలా అని వరసపెట్టి అడిగింది. అన్నిటికీ ఠక్కున జవాబులు రాసేశాను. ధరల విషయంలో నేను అడగకపోయినా సలహా ఇచ్చే మనిషిని. చివరి ప్రశ్న దగ్గర మాత్రం నా వేలు ఫోన్ మీద ఆగిపోయింది. "ఇంకొకటి అత్తా. చేపలామె పక్కింటివాళ్లకి వందకిచ్చే కవళ్ల పోగు నాకు నూట ఇరవై అంటోంది. బేరమాడనా?" ఫోన్ పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లి, ఎందుకు వెళ్లానో మర్చిపోయి, మళ్లీ వచ్చి కూర్చున్నాను.

బేరం మా ఇంటి విద్య. విజయనగరం బజార్లో మా అమ్మ వస్తోందంటే కూరగాయలవాళ్లు ముందే నీళ్లు తాగి సిద్ధంగా కూర్చునేవారని మా నాన్న వేళాకోళం చేసేవారు. కొత్తిమీర కట్ట కూడా చెప్పిన ధరకి కొన్న పాపాన పోలేదు ఆవిడ. అలాంటి తల్లికి పుట్టి, ఇద్దరు పిల్లల్నీ వాళ్ల నాన్నకి అప్పజెప్పి, శనివారం సాయంత్రం ఇంటికి రావడం, సోమవారం తెల్లారి బయల్దేరడం అన్న ఒప్పందం మీద ఆ పల్లెలో గది తీసుకున్నాను. గది ఇచ్చినావిడ నాకంటే రెండు మూడేళ్లు పెద్దది. పొద్దున్నే ఒడ్డున చేపలు ఎత్తుకుని ఊళ్లో కొన్ని పోగులు అమ్మి, మిగతా గంపతో ఆటో ఎక్కి ఆమదాలవలస వెళ్లి అమ్ముకొచ్చేది. ఊరంతా ఆమెను అప్పా అనేది, అక్కడ అక్కని అలాగే పిలుస్తారు. నేనూ అప్పా అన్నాను. ఆమె మొగుణ్ణి మర్యాదకి బావా అన్నాను. ఆ మర్యాదకి అతను తగడని తెలిసేసరికి అలవాటైపోయింది.

వెళ్లిన రోజే అప్ప గడప మీద కూర్చుని ఆ ఊళ్లో బతుకు ఖర్చు మొత్తం వేళ్ల మీద చెప్పింది. గదికి ఎనిమిది వందలు. తియ్యనీళ్లు బిందెకి రెండు రూపాయలు, బోరు నీళ్లు ఉప్పు కాబట్టి ఊరికే. పాలు ఎంత, కట్టెలు ఎంత. చివరికి అదే గొంతుతో, "సెంపదెబ్బకి ఐదొందలు, కాలితో తంతే ఎయ్యి, నెత్తురొస్తే రెండేలు, సెప్పుతో కొడితే మాత్రం ఐదేలు టీచరమ్మా, సూసుకో" అంది. నేను తెల్లబోయాను. ఆమె నవ్వలేదు. ఆ ఊళ్లో ఎవరైనా ఎవరినైనా కొడితే ఊరి పెద్దలకి తప్పు కట్టాలి, అంటే జరిమానా అన్నమాట. ఆ సొమ్ము అమ్మవారి పండగకి పోతుంది. కట్టేశాక ఆ దెబ్బ గురించి ఎవరూ ఎత్తకూడదు, తిరిగి కొట్టకూడదు, పోలీసుల దగ్గరికి వెళ్లకూడదు. వెళ్తే ఆ ఇంటిని వెలేస్తారు. మూడో రోజే చూశాను. ఒకడి వల మీదుగా ఇంకొకడు పడవ లాగాడని ఇద్దరూ ఒడ్డున కలబడ్డారు. ఒకడు తెడ్డు తిప్పి కొడితే రెండోవాడి కనుబొమ్మ చీలి, నెత్తురు ముక్కు మీదుగా కారి ఇసకలో చుక్కలు చుక్కలుగా పడింది. పడ్డవాడు లేచి, కొట్టినవాడి చెవి కొరికాడు. నేను భయంతో బడి గోడ పట్టుకుని నిలబడితే, మధ్యాహ్నానికి ఇద్దరూ పెద్దల దగ్గర తలా రెండు వేలు కట్టేసి, ఒకడి తలకి గుడ్డ, ఇంకొకడి చెవికి పసుపు పెట్టుకుని ఒకే బల్ల మీద టీ తాగుతున్నారు. నాకు నవ్వొచ్చింది. ఇదేదో బాగానే ఉందే అని కూడా అనుకున్నాను. కొత్తదాన్ని కదా.

ఆ జాబితాలో లేని దెబ్బలు గోడకి అవతలే ఉన్నాయని ఆ వారంలోనే తెలిసింది. బావ తెల్లవారుజామున వేటకి వెళ్లి పొద్దెక్కాక వచ్చేవాడు. తాగి, తిని, పడుకుని, మధ్యాహ్నం మూడింటికి లేచేవాడు. అప్ప గంప దించేదీ ఆ వేళకే. ఆ రోజు అమ్మిన డబ్బంతా అతని చేతిలో పెట్టాలి. గంపలో ఎన్ని పోగులు ఉన్నాయో, ఊళ్లో పోగు ఎంతకి పోతోందో అతనికి తెలుసు. రూపాయి తగ్గితే కొట్టేవాడు. తగ్గకపోయినా కొట్టేవాడు. నేను బడి నుంచి వచ్చి టీ పెట్టుకునే సమయమూ అదే. మొదటిసారి విన్నప్పుడు ఎవరో తడి గోనెసంచిని గోడకేసి బాదుతున్నారనుకున్నాను. తర్వాత ఒక మనిషి గొంతులోంచి గాలి బయటికి పోయిన చప్పుడు వినిపించింది. పరుగెత్తుకెళ్లి వాళ్ల గుమ్మంలో నిలబడ్డాను. అతను ఆమె జుట్టు చేతికి చుట్టుకుని తలని స్తంభానికి ఆనించి, కుడిచేత్తో డొక్కలో గుద్దుతున్నాడు. కోపంగా కూడా లేడు. పని చేసుకుంటున్నవాడిలా ఉన్నాడు. నన్ను చూసి ఆగి, "ఏటి టీచరమ్మా? నువ్వు గదికి అద్దె కడతన్నావు, మా గొడవకి గాదు. ఎల్లు" అన్నాడు. వెళ్లిపోయాను. ఈ మాట రాయడానికి నాకు పన్నెండేళ్ల తర్వాత కూడా సిగ్గుగా ఉంది. వెళ్లిపోయి, టీ తాగి, ఆ తర్వాత మూడింటికి రేడియో పెట్టడం అలవాటు చేసుకున్నాను.

ఆ చలికాలంలో ఒకరోజు అతను ఇత్తడి చెంబుతో ఆమె నోటి మీద కొట్టాడు. రెండు పళ్లు ఊడి వచ్చాయి. అప్ప ఏడవలేదు. నోరు కడుక్కుని, పళ్లు కొంగున ముడేసుకుని, అమావాస్య దాకా ఆగింది. అమావాస్యకి ఎవరూ వేటకి వెళ్లరు, పెద్దలు వలల పాకలో కూర్చుంటారు. ఆడవాళ్లు బయట నిలబడి వినొచ్చు. నేనూ నిలబడ్డాను. అప్ప లోపలికి వెళ్లి కొంగు విప్పి ఆ పళ్లు పెద్దాయన ముందు పెట్టింది. ఆయన ఆ ఊరికి పెద్ద. మంచివాడే, మనవల్ని చంకనేసుకుని తిరిగేవాడు.

"నెత్తురొస్తే రెండేలు గదా బాబూ. ఇవి పళ్లు. ఈటికెంత?" అంది.

"మొగుడూపెళ్లాల మద్దెన తప్పు నేదే. అది ఇంటి గొడవ" అన్నాడాయన.

"మరి నాను కొడితే?"

పాకంతా నవ్వింది. బావ అందరికంటే గట్టిగా నవ్వాడు. పెద్దాయన కూడా నవ్వాపుకోలేక, పక్కవాళ్లని చూసి కన్నుగీటి, "ఆడది మొగుడి మీద సెయ్యేస్తే పదేలు. సెయ్యిరగ్గొడితే పదిహేనేలు. సాలేటి?" అన్నాడు. "కట్టీసినాక ఇంకేటీ ఉండదా? ఎలేయడం గానీ, తిరిగి కొట్టడం గానీ?" అని ఆమె అడిగింది. ఊళ్లో ఇంతమందికి ఉన్న కట్టుబాటే నీకూనూ, ఊరి మాట అంటే మాటే అన్నాడాయన, ఇంకా నవ్వుతూనే. అప్ప తన పళ్లు తాను ఏరుకుని బయటికొచ్చింది. పెద్దలు పాకలో కూర్చుని నోటితో చెప్పిన రేటు ఇక రేటే. పరాచికానికి చెప్పినా తిరుగులేదు. ఆ సంగతి నవ్వుతున్నవాళ్లెవరికీ తోచలేదు, నాక్కూడా తోచలేదు.

దాని తర్వాతే అనుకుంటాను, నా కవళ్ల పోగు నలభై అయింది. పక్కింటి ముసలామెకి ముప్పై. ఒకే గంప, ఒకే చేప, ఒకే చెయ్యి. "అదేంటప్పా?" అంటే, "కొత్తోల్ల రేటు అదే టీచరమ్మా" అని పళ్లు లేని నోరు చెంగుతో కప్పుకుంది. ఏడాది కావొస్తున్నా నేను కొత్తదాన్నేనా? బడిలో మిగతా టీచర్లకీ నలభయ్యే, హెల్త్ సబ్ సెంటర్ నర్సుకీ నలభయ్యే. పై ఊళ్లనుంచి వచ్చిన ఆరుగురమూ పదేసి రూపాయలు ఎక్కువ ఇస్తున్నామన్నమాట. నా ఒళ్లు మండింది. అయినా చేప మీద యావ కొద్దీ ఏడాది పైనే సణుగుతూ కొన్నాను. అప్పుడప్పుడూ ఆమె వంటింటి అటక మీద ఒక పాలపిండి డబ్బా కనిపించేది, మూతకి చిల్లు పెట్టి ఉండేది. అమ్మవారికి మొక్కు కాబోలనుకున్నాను.

మూడో ఏడు వానాకాలంలో నా సహనం అయిపోయింది. స్టాఫ్‌రూమ్‌లో మీటింగు పెట్టాను. అందరం ఒక మాట మీద ఉందాం, ముప్పైకి ఇస్తేనే కొందాం, లేకపోతే ఆమె దగ్గర చేప ముట్టొద్దు అన్నాను. నర్సు మొహమాటపడితే ఆమెకు ప్రత్యేకంగా క్లాసు పీకాను. ఆ రోజు నన్ను చూస్తే మా అమ్మ గర్వపడేది. సరిగ్గా నెలరోజులు గుడ్లు తిన్నాం. అప్ప రోజూ పొద్దున్న గంప దించి, "టీచరమ్మా, నెత్తళ్లు మంచియి వచ్చినాయి" అనేది. "ముప్పైకిస్తావా?" అనేదాన్ని. ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, ఏదో చెప్పబోయి, గంప నెత్తినెట్టుకుని వెళ్లిపోయేది. పైగా నాకు గెలుస్తున్నట్టుండేది.

ఆ నెల చివర్లో ఒక మధ్యాహ్నం, రేడియో చప్పుడు దాటుకుని ఒక కేక వినిపించింది. అంతకుముందు ఎన్నడూ ఆమె కేకవెయ్యడం వినలేదు. వెళ్లేసరికి ఆమె ఎడమచెయ్యి తలుపుకీ గుమ్మానికీ మధ్య ఉంది. అతను తలుపుని భుజంతో నెడుతున్నాడు. ఒకసారి కాదు, తెరిచి మళ్లీ నెట్టాడు. నేను అతని చొక్కా పట్టుకుని లాగాను, నా మొహం మీద మోచేత్తో కొట్టాడు, కింద పడ్డాను. లేచేసరికి అప్ప చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూసుకుంటోంది. చిటికెన వేలూ దాని పక్క వేలూ ఇష్టమొచ్చిన వైపుకి తిరిగి ఉన్నాయి, గోళ్లు లేచిపోయాయి. నర్సు వచ్చి కట్టు కట్టింది. నన్ను కొట్టినందుకు మర్నాడు అతను పెద్దలకి ఐదొందలు కట్టేశాడు. ఆమె వేళ్లకి రేటు లేదు. ఆ సాయంత్రమే మా సమ్మె నేనే ఎత్తేశాను, జాలిపడి. ఆరుగురమూ నలభైకి కొన్నాం. అంతకుమించి ఏమీ చెయ్యలేకపోయాం.

తర్వాతి అమావాస్యకి బడి సెలవు. వలల పాకలో పెద్దలు కూర్చున్నారు. బావ కింద చతికిలబడి వల బాగుచేస్తున్నాడు. చిరుగు సాగదీసి పట్టుకోవడానికి కుడి ముంజేతిని అక్కడున్న దుంగ మీద ఆనించాడు. అప్ప వచ్చింది. ఒక చంకన పాలపిండి డబ్బా, ఒక చేతిలో తెడ్డు. తెడ్డు ఎవరిదో తిరిగిచ్చేయడానికి తెచ్చిందనుకుని ఎవరూ పట్టించుకోలేదు. డబ్బా పెద్దాయన ముందు పెట్టి, "పదిహేనేలు బాబూ" అంది. "ఏటికే?" అన్నాడాయన. "సెయ్యికి" అంది.

ఆయనకి అర్థమై నోరు తెరిచేలోపల ఆమె వెనక్కి తిరిగి తెడ్డు ఎత్తేసింది. వంగని రెండు వేళ్లూ కర్రకి అవతల నిలబడే ఉన్నాయి, మిగతా ఎనిమిది వేళ్లతోనే పట్టుకుంది. ఎండిన కొబ్బరిమట్ట విరిగిన చప్పుడైంది. ముంజెయ్యి మధ్యలో కొత్తగా ఇంకో మోచెయ్యి మొలిచినట్టు వంగింది, ఎముక తెల్లగా చర్మం చీల్చుకుని ఇంత బయటికొచ్చింది. అతను అరిచిన అరుపుకి బయట మేకలు బెదిరి పారిపోయాయి. ఎడమచేత్తో ఆమె జుట్టు దొరకబుచ్చుకుని కిందికి లాగాడు. ఆమె నుదురు దుంగకి తగిలి చిట్లింది. అతని అన్నదమ్ముల వరసవాళ్లు నలుగురు లేచారు, ఒకడు లంగరు తాడు అందుకున్నాడు. చంపేస్తారనుకున్నాను. అప్ప మొహం నిండా నెత్తురు పెట్టుకుని వాళ్లవైపు కాదు, పెద్దాయనవైపు చూస్తోంది. ఆయన డబ్బావైపు చూస్తున్నాడు.

"ఆగండెహె!" అన్నాడాయన. "అది కట్టీసినాది. సొమ్ము నా ముందర ఉన్నాది. ఇప్పుడు దాని మీద సెయ్యేసినోడు ఊరి మాట మీద సెయ్యేసినట్టే." తాడు అందుకున్నవాడు దాన్ని కింద పడేశాడు. అప్ప లేచి, తెడ్డు గోడకి చేరవేసి, "కట్టు కట్టే ముసిలోణ్ని బయట కూకోబెట్టినాను. ఆటో కూడా మాటాడినాను. లేపండి" అంది. నాకు ఆనందమేసింది. ఆ ఎముక చూశాక కూడా ఆనందమే వేసింది. రెండు రోజులు అన్నం తినలేకపోయాను, ఎందువల్లో ఇప్పటికీ విడదీసి చెప్పలేను.

ఆమె నుదుటి కట్టు మార్చడానికి నర్సుతో పాటు వెళ్లినప్పుడు అడిగాను, అంత డబ్బు ఎక్కడిదని. "గంప డబ్బులు ఆడికి తెలుసు గదా, ఊరోల్ల రేటు తెలుసు. కొత్తోల్ల రేటు ఆడికి తెల్దు. పోగుకి పది, అదొక్కటే నాది" అంది. ఆ పది మా అందరిదీ, ఆమదాలవలసలో పరాయి ఊళ్ల నుంచి వచ్చి కాపురముండే మరికొన్ని ఇళ్లదీ. ఏడాదిన్నర పాటు మేము కవళ్ల మీదా నెత్తళ్ల మీదా ఎక్కువిచ్చిన పదులన్నీ ఆ తెడ్డు దెబ్బలో ఉన్నాయి. కట్టుకి డబ్బు, అతను పడవెక్కలేని మూడు నెలలకి బియ్యం కూడా అందులోంచే పక్కనబెట్టింది. నేను ఏదో పెద్ద సాయం చేసినట్టు కళ్లనీళ్లు పెట్టుకోబోయాను. అప్ప మామూలుగానే, ఏ నిష్ఠూరమూ లేకుండా, తన ఎడమచెయ్యి చూసుకుంటూ అంది: "ఆ నెల మీరు గుడ్లు తిన్నారు సూడు, అందుకే ఎనకబడిపోనాది. నేపోతే ముందు అమాసకే డబ్బా నిండిపోయీది." ముందు అమావాస్య అంటే తలుపులో ఆమె చెయ్యి పడడానికి నాలుగు రోజుల ముందు. నర్సు నావైపు చూడలేదు.

మూడు నెలలకి బావ కట్టు విప్పారు. ఆ మధ్యాహ్నం మూడింటికి నేను రేడియో పెట్టలేదు. గోడకి చెవి ఆనించి కూర్చున్నాను. కంచం విసిరేసిన చప్పుడైంది. కూరలో ఉప్పు గురించి ఏదో బూతు. అతను లేచినట్టు మంచం కిర్రుమంది. అప్పుడు వంటింట్లోంచి, ఖాళీ డబ్బాలో ఒక నాణెం పడిన చప్పుడు వినిపించింది. కాసేపాగి ఇంకొకటి. మంచం మళ్లీ కిర్రుమంది, అతను కూర్చున్నాడు. ఆ తర్వాత అమావాస్యకి పెద్దలు భద్రంగా ఆలోచించుకుని మొగుడి చేతికి రేటు పదిహేను వేల నుంచి యాభై వేలు చేశారు. ఆ సంగతి చెబితే అప్ప, "సెయ్యనీ. కొత్తోల్లు వస్తానే ఉంతారు గదా" అంది. నేను బదిలీ అయి వచ్చేసేదాకా ఆ గోడకి అవతల నుంచి చిల్లర చప్పుడే తప్ప వేరే చప్పుడు వినలేదు. నేను కూడా మళ్లీ బేరమాడలేదు, చివరి రోజు కూడా నలభయ్యే ఇచ్చాను.

ఫోన్ మళ్లీ తీశాను. "బేరమాడకు. నూట ఇరవై ఇవ్వు. ఎప్పుడూ ఇవ్వు" అని రాశాను. అది వెంటనే, "నువ్వేనా అత్తా ఈ మాటంటున్నది?" అని నవ్వే బొమ్మలు పంపింది. ఆమె ఎడమచెయ్యి చూశావా అని అడిగాను. "చూశాను, రెండు వేళ్లు వంగవు. పోగు కట్టేటప్పుడు విడిగా నిలబడి ఉంటాయి. పాపం, ఏమైందట?" అని అడిగింది. దానికింకా జవాబు రాయలేదు. నెల రోజులేగా, ఓపిక పడితే దిగొస్తుంది అని స్టాఫ్‌రూమ్‌లో అందరికీ ధైర్యం చెప్పింది నేనే. నాకు ఆ నెల గుడ్లతో గడిచిపోయింది, ఆమె చేతిలో ఇంకా గడవలేదు.